జిమ్‌కు పోదామా, ఆడవాళ్ల సర్క్యూట్ సెంటర్‌కు పోదామా?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



నన్ను మాట్లాడమన్నది ఒక్క విషయం మీద. కార్యవర్గ సమావేశంలో కొందరు చెల్లెండ్లు ఒక ప్రతిపాదన పెట్టిండ్రు. మన కొత్తూరులో ఆడోళ్లకే ఒక సర్క్యూట్ సెంటర్ పెడదాం, మిషన్లకు లోన్ తీసుకుందాం అని. ఇంకో నలుగురు, "జిమ్‌లు ఉన్నయి గదా, పోయేటోళ్లు అండ్లకే పోతరు, మనకెందుకు ఈ తలనొప్పి" అన్నరు. మాటకు మాట పెరిగింది. ఆఖరుకు ఒక అక్క, "రెండు చోట్లకూ పోయి పైసలు కట్టింది నువ్వే, ఏది మంచిదో నువ్వే చెప్పు" అని నా మీదకు తోసింది. అందుకే ఇక్కడ నిలబడ్డ. నేను డాక్టర్‌ను కాదు, ట్రైనర్‌ను కాదు. ఇరవై ఏండ్లు కుట్టు మిషన్ మీద కూర్చున్న దాన్ని. తెలుసుకున్నది, అనుభవించింది చెప్త.

ముందు నేను ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్పాలె. మూడేండ్ల కింద మూడు నెలల సగటు చూపే షుగర్ పరీక్ష చేయిస్తే 6.3 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ జబ్బు గడప దాకా వచ్చి నిలబడ్డట్టు. 6.5 దాటితే ఇంట్లకు వచ్చినట్టే. గోలీ ఇస్తరేమో అనుకున్న. డాక్టరమ్మ గోలీ రాయలే. "నీ ఒంట్ల కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉన్నది. నడువు, బరువులెత్తు, ఆరు నెలలకు రా" అన్నది. నడకంటే అర్థమైంది. బరువులెత్తుడు ఏందో అర్థం కాలే. నేను ఎత్తని బరువు ఏమున్నది? బిందె ఎత్తిన, బియ్యం సంచి ఎత్తిన, ఇద్దరు పిల్లలను ఎత్తిన.

తర్వాత తెలిసింది ఏందంటే, మనం తిన్న అన్నంలోని చక్కెర రక్తంలోకి వచ్చినంక దాన్ని ఎక్కువగా లోపలికి తీసుకునేది కండరాలే. కండ పని చేస్తుంటే ఇన్సులిన్ సాయం అంతగా లేకున్నా చక్కెరను గుంజుకుంటుంది. కండ తగ్గితే చక్కెరకు పోయే చోటు తగ్గుతుంది. నలభై దాటినంక వాడకపోతే కండ ఏటేటా కరుగుతూనే ఉంటుంది. ఐసీఎంఆర్ వాళ్లు దేశమంతా చేసిన సర్వే 2023లో వచ్చింది. 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉన్నదని, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది గడప దగ్గర నిలబడి ఉన్నారని అందులో తేలింది. అంటే ఈ హాలులో నేనొక్కదాన్నే కాదు.

"మాకు వ్యాయామం ఎందుకు, రోజంతా పనే గదా" అని చాలామంది అంటరు. నాటు వేసేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఆ మాట నిజమే. ఆ రోజుల్లో ఎవరూ జిమ్‌కు పోవాల్సిన పని లేదు, పోయే ఓపిక కూడా ఉండదు. కానీ ఇప్పుడు మనలో ఎంతమందిమి పొలంలో ఉన్నం? 2008లో ఎయిర్‌పోర్టు వచ్చినంక, రోడ్డు మీద ఫ్యాక్టరీలు వచ్చినంక భూములు పోయినై, పనులు మారినై. ప్యాకింగ్ లైన్ మీద ఎనిమిది గంటలు ఒకే చోట నిలబడుడు, కుట్టు మిషన్ మీద కూర్చునుడు, కౌంటర్ దగ్గర కూర్చునుడు. ఇవి అలసట తెస్తయి గానీ బలం తేవు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో 100 మంది ఆడవాళ్లలో 57 మందికి, 100 మంది మగవాళ్లలో 42 మందికి ఒంటికి కావలసినంత కదలిక లేదు. ఎంత కావాలె అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది: వారానికి కనీసం 150 నిమిషాలు కొంచెం ఆయాసం వచ్చే నడకలాంటిది, దానితోపాటు వారంలో రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. మనందరం ఆ మొదటి సగమే విన్నం. రెండో సగం మనకు ఎవరూ చెప్పలే.

ఇంకొక మాట ఉన్నది. మామూలుగా మనం మైకులో మాట్లాడుకునే మాట కాదు, కానీ ఇక్కడ అందరం ఆడోళ్లమే. (ఏపీఎం సార్ ఏమనుకోవద్దు.) గర్భసంచి తీసేయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉన్నది. ముప్పై, ముప్పై అయిదేండ్లకే తీసేయించుకున్న చెల్లెండ్లు మన సంఘాల్లో ఎంతమంది ఉన్నరో మీకు తెలుసు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలను కాపాడే హార్మోన్ ఆ రోజు నుంచే తగ్గిపోతుంది. యాభై ఏండ్లకు మెల్లగా మొదలు కావలసిన ఎముకల అరుగుదల ముప్పై అయిదేండ్లకే మొదలైతది. ఎముకకు కాల్షియం గోలీ ఒక్కటే చాలదు. దాని మీద బరువు పడాలె, కండ దాన్ని గుంజాలె. అప్పుడే ఎముక గట్టిపడాలన్న సంగతి ఒంటికి తెలుస్తది. అందుకే ఈ ముచ్చట సన్నబడుడు గురించి కాదు. బాత్‌రూంలో జారిపడితే తుంటి విరుగుతదా, విరగదా అన్న దాని గురించి.

ఇగ నా కథ. మొదట మామూలు జిమ్‌కే పోయిన, ఆడ మగ కలిసి చేసేది. పేరు చెప్పను. ఏడాదికి 12 వేలు, ఈ వారంలో కడితేనే ఈ రేటు అన్నరు. సంఘం నుంచి అప్పు తీసుకుని కట్టిన. మొదటి రోజు ఒక పిల్లగాడు వచ్చి అన్ని మిషన్లూ చూపించి పోయిండు. మరునాడు అడిగితే, "పర్సనల్ ట్రైనింగ్ అయితే వేరే పైసలు మేడం" అన్నడు. ఏ మిషన్ మీద ఎట్ల కూర్చోవాల్నో తెల్వక ట్రెడ్‌మిల్ మీద నడిచి నడిచి ఇంటికొచ్చిన. చుట్టూ అద్దాలు. ఎటు చూసినా నేనే కనపడుతున్న. చెప్పొద్దూ, సగం సిగ్గు మగపిల్లలను చూసి కాదు, అద్దంలో నన్ను నేను చూసుకునే. మొత్తం 19 రోజులు పోయిన. లెక్క చేసుకోండ్రి, రోజుకు 632 రూపాయలు పడ్డది. మిగిలిన పైసలు వాపసు అడిగితే రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించిండ్రు.

తర్వాత ఆడవాళ్ల సర్క్యూట్ సెంటర్‌కు పోయిన. అది ఎట్ల ఉంటదో చూడనోళ్ల కోసం చెప్త. ఒక గదిలో గుండ్రంగా ఎనిమిది, పది మిషన్లు ఉంటయి. ఒకటి కాళ్లకు, ఒకటి ఛాతీకి, ఒకటి వీపుకు. మిషన్‌కూ మిషన్‌కూ మధ్యలో ఒక మెత్తటి పలక. మిషన్ మీద అర నిమిషం చేయాలె, గంట మోగంగానే పలక మీద నిలబడి అడుగులు వేయాలె, మళ్ల గంట మోగితే పక్క మిషన్. అట్ల రెండు మూడు చుట్లు తిరిగితే అర గంటలో అయిపోతది. ఏం చేయాలె, ఎన్నిసార్లు చేయాలె అని ఆలోచించే పని లేదు. మా బ్యాచ్‌లో బ్యాంకు మేనేజర్ అమ్మ ఉన్నది, అరవై దాటిన పెద్దమ్మ ఉన్నది, చీర కట్టుకుని వచ్చే నేనున్న. అక్కడ ఏడు నెలలు పోయిన. 19 రోజులు ఎక్కడ, ఏడు నెలలు ఎక్కడ!

ఈ పద్ధతి ఎవరిదని అడిగి తెలుసుకున్న. సర్క్యూట్ అనేది అసలు ఆడోళ్ల కోసం పుట్టింది కాదు. 1953లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో మోర్గాన్, ఆడమ్సన్ అనే ఇద్దరు తయారు చేసిండ్రు. తక్కువ సామాన్లతో, తక్కువ సమయంలో, ఎక్కువమంది ఒకేసారి చేసుకోవచ్చని. ఈ మాట గుర్తుపెట్టుకోండ్రి, చివర్ల పనికొస్తది. దాన్ని ఆడవాళ్ల సెంటర్‌గా మార్చింది అమెరికాలోని టెక్సాస్‌లో హేవిన్ అనే దంపతులు. 1992లో కర్వ్స్ అని పేరు పెట్టి మొదలుపెట్టిండ్రు. అర గంట పని, లోపల అంతా ఆడోళ్లే. ప్రపంచమంతా వేల సెంటర్లయినై. ఆ దారిలోనే కాంటూర్స్ లాంటి ఆడవాళ్ల స్టూడియోలు మన దేశానికీ వచ్చినై.

అయితే అమెరికాలో ఆ సెంటర్లు ఎంత జల్ది పెరిగినయో అంత జల్ది మూతబడ్డయి. ఫ్రాంచైజీ పైసలు కట్టి, మిషన్లు కొని పెట్టుకున్న ఆడవాళ్లు ఎంతోమంది నష్టపోయిండ్రు. జపాన్‌లో మాత్రం అదే కర్వ్స్ ఇప్పటికీ రెండు వేలకు దగ్గరగా సెంటర్లతో నడుస్తున్నది. అక్కడ వచ్చేటోళ్లు ఎక్కువగా అరవై, డెబ్భై ఏండ్ల పెద్దమ్మలు. మూడు లేవని వాళ్ల మాట: మగవాళ్లు లేరు, మేకప్ లేదు, అద్దం లేదు. అద్దం గురించి నేను ఇందాక అన్నది నా ఒక్కదాని బాధ కాదన్నమాట. వచ్చిన ప్రతి మనిషినీ అక్కడ పేరు పెట్టి పిలుస్తరట. ఆ మిషన్లే, ఆ అర గంటే. ఒక చోట మూతబడ్డది, ఒక చోట నిలబడ్డది.

మరి ఏడు నెలలు పోయిన దాన్ని ఎందుకు ఆపేసిన? అక్కడ మిషన్లకు ఇనుప బరువులు ఉండవు. బండి వెనక షాకబ్జర్ ఉంటది చూడు, అటువంటి హైడ్రాలిక్ గొట్టాలుంటయి. నూకినా కష్టమే, గుంజినా కష్టమే. ఎంత వేగంగా నూకితే అంత గట్టిగా ఎదురు నూకుతది. మెల్లగ చేస్తే మెల్లగానే ఉంటది. కొత్తగా వచ్చినోళ్లకు ఇది మంచిది, బరువు మీద పడుతదన్న భయం లేదు, మరునాడు ఒళ్లు పట్టేసుడు తక్కువ. కానీ బరువును మెల్లగా కిందికి దించేటప్పుడు కండకు పడే పని అందులో లేదు. మనం మెట్లు దిగేటప్పుడు, చంటిదాన్ని కింద దించేటప్పుడు పనికొచ్చేది ఆ బలమే. ఇంకోటి, మొదటి మూడు నెలలు బలం పెరిగింది, ఆ తర్వాత అక్కడే ఆగింది. నిన్న ఎంత నూకిన్నో ఇవాళ ఎంత నూకిన్నో చెప్పే అంకె మా మిషన్లకు లేదు. కొన్ని సెంటర్లలో డయల్ ఉన్న మిషన్లు ఉంటయట, మా దగ్గర లేవు.

అట్ల మళ్ల జిమ్ ముఖం చూడాల్సి వచ్చింది. ఈసారి వేరే జిమ్. ఏడాదికి కట్టలే, నెలకు కట్టిన. పోకముందే పొద్దున పదకొండు గంటలకు, సాయంత్రం ఆరింటికి రెండుసార్లు పోయి తలుపు దగ్గర నిలబడి చూసిన. పదకొండింటికి ఖాళీ. ఒక ఆడ ట్రైనర్ ఉన్నది. ఆ పిల్ల నాకు నాలుగంటే నాలుగు నేర్పింది: కూర్చుని లేచుడు, నేల మీది నుంచి బరువు ఎత్తుడు, ఛాతీ ముందు నుంచి నూకుడు, వీపు వైపుకు గుంజుడు. రెండున్నర కిలోల డంబెల్‌తో మొదలుపెట్టిన. నోట్‌బుక్కులో రాసుకుంటున్న. ఇప్పుడు నేల మీది నుంచి 30 కిలోలు ఎత్తుత. ఆరు నెలల తర్వాత సగటు షుగర్ 5.8. ఇంకా గడప దిగలే, కానీ వెనక్కి జరిగింది.

"బరువులెత్తితే మగోళ్ల లెక్క అయితరు" అని మా అత్తమ్మ అన్నది. మన ఒంట్లో మగ హార్మోన్ చాలా తక్కువ. కండలు ఉబ్బాలంటే ఏండ్లకేండ్లు ప్రత్యేకంగా తిని, ప్రత్యేకంగా చేయాలె, వారానికి రెండు రోజులకు అట్ల కారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి పోయిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 కిలోలు ఒకసారి, 130 కిలోలు ఒకసారి ఎత్తి కంచు పతకం తెచ్చింది. మన దేశం నుంచి ఒలింపిక్ పతకం గెల్చిన మొదటి ఆడమనిషి తెలుగామె, అదీ బరువులెత్తి. మనం 25 కిలోల బియ్యం సంచి ఆటోలో నుంచి దించుకుంటం గానీ, అయిదు కిలోల డంబెల్ చూస్తే భయపడ్తం. సంచి ఎట్ల ఎత్తాల్నో మనకెవరూ నేర్పలేదు, అందుకే నడుము పడుతది. డంబెల్ దగ్గర నేర్పుతరు.

ఇప్పుడు "ఏది మంచిది" అని అడిగిన అక్కకు జవాబు. ఎన్నడూ వ్యాయామం చేయనోళ్లు, మగోళ్ల ముందు చేయలేనోళ్లు, ఇంట్లో ఒప్పుకోనోళ్లు, అరవై దాటినోళ్లు, వీళ్లకు ఆడవాళ్ల సెంటరే మంచిది. ఇన్ముల్‌నర్వ వైపు మన ముస్లిం అక్కచెల్లెండ్లకు కలిసి చేసే జిమ్ ఎంత మంచిదైనా తలుపు మూసి ఉన్నట్టే. సిగ్గు అనుకుని దీన్ని చిన్నగ చూడొద్దు. మొదటి ఆరు నెలలు మనిషిని నిలబెట్టేది అదే. ఆర్నెల్లు, ఏడాది చేసి అలవాటైనోళ్లు, గర్భసంచి ఆపరేషన్ అయ్యి ఎముకల భయం ఉన్నోళ్లు (డాక్టర్‌ను అడిగినంకనే), ఎయిర్‌పోర్టులో షిఫ్టులు చేసే పిల్లలు, వీళ్లకు కిలోకు కిలో పెంచుకునే బరువులు కావాలె, తెల్లారి నుంచి రాత్రి దాకా తెరిచి ఉండే చోటు కావాలె. అది జిమ్. ఆడవాళ్ల సెంటర్లోనే డంబెల్లు, బార్ ఉంటే ఇంక అడిగేదే లేదు, దాంట్లోకే పోండ్రి.

పైసలు కట్టేముందు ఏం చూడాల్నో నా 12 వేలు నాకు నేర్పినై, మీకు ఉచితంగా చెప్త. మీరు పోయే టైముకే పోయి చూడండ్రి, వాళ్లు రమ్మన్న టైముకు కాదు. మూడు రోజులు చేసి చూస్త అనండ్రి. ఒప్పుకోకపోతే వేరే చోటు చూసుకోండ్రి. ఏడాదికి కట్టొద్దు, నెలకు కొంచెం ఎక్కువైనా నెలకే. ట్రైనర్ ఫీజు దాంట్లోనేనా, వేరేనా అన్నది రసీదు మీద రాయించుకోండ్రి. జిమ్‌ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం కాదు, 5 శాతమే. రసీదు మీద జీఎస్టీ నంబర్ లేకుండా జీఎస్టీ అడిగితే ఇయ్యొద్దు. మోసం జరిగితే 1915కు ఫోన్ చేయొచ్చు, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. నాకు అప్పుడు తెల్వలే. బట్టలు మార్చుకునే గదికి లోపలి నుంచి గడియ ఉన్నదో లేదో చూడండ్రి. డబ్బాల్లో పొడులు కొనమంటే ఊర్కోండ్రి, ఆ పైసలతో గుడ్లు, పప్పు కొనుక్కోవచ్చు.

శంషాబాద్‌కు బస్సు మనకు 2023 డిసెంబర్ 9 నుంచి ఉచితమే. చార్జీ లేదు, నిజమే. కానీ ఎదురుచూసే సమయానికి, ట్రాఫిక్‌కు మహాలక్ష్మి వర్తించదు. అర గంట వ్యాయామానికి రెండు గంటలు పోతే, పిల్లలకు బడి ఉన్న ఆడమనిషి ఎన్ని రోజులు పోతది? నేను పోగలిగిన, ఎందుకంటే నా పిల్లలు పెద్దోళ్లయిండ్రు.

అందుకే ప్రతిపాదన దగ్గరికి వస్త. సెంటర్ కావాలన్న చెల్లెండ్లది న్యాయమైన కోరిక. కొత్తూరులోనే, ఆడోళ్లకే ఒక చోటు ఉండాలె. కానీ ఇప్పుడే మిషన్లకు లోన్ వద్దు అంటున్న, ఆరోగ్య ఉపసంఘంలో ముగ్గురం ఇదే మాట మీద ఉన్నం, ఒకరు ఒప్పుకోలేదు, అది కూడా చెప్పాలె. ఆమె మాట ఏందంటే, మిషన్లు కనపడితేనే జనం వస్తరు, ఖాళీ హాలుకు ఎవరొస్తరు అని. ఆ మాటలో నిజం ఉన్నది. నేనే మొదట మిషన్లు చూసే పోయిన. కానీ మిషన్ కొనంగానే కిస్తీ మొదలైతది, జనం రెండు నెలలకు ఆగిపోయినా కిస్తీ ఆగదు. అమెరికాలో అయిన ముచ్చట ఇందాక చెప్పిన. పైగా మనం కొనాలనుకుంటున్నది నేను ఏడు నెలలకు ఆగిపోయిన ఆ హైడ్రాలిక్ మిషన్లే.

లీడ్స్‌లో వాళ్లు చేసింది ఏంది? తక్కువ సామాను, ఎక్కువ మంది. మన సమాఖ్య హాలు సాయంత్రం అయిదు నుంచి ఖాళీగానే ఉంటది. గుండ్రంగా ఎనిమిది చోట్లు సుద్దముక్కతో గీసుకుందాం. ఒక చోట కుర్చీ, చేతులు ఆనించకుండా కూర్చుని లేచుడు. ఒక చోట గోడ, గోడకు చేతులు పెట్టి ఒంటిని ముందుకు వెనక్కి తెచ్చుడు. కిటికీ ఊచకు పాత సైకిల్ ట్యూబు కట్టి వీపు వైపుకు గుంజుడు. గడప మెట్టు ఎక్కి దిగుడు. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తుడు. ఒంటికాలి మీద నిలబడుడు, పెద్దోళ్లు గోడ పట్టుకుని. ఉన్నచోటనే మోకాళ్లు ఎత్తి నడుచుడు. ఎనిమిదో చోట నూనె డబ్బా. అయిదు లీటర్ల ఖాళీ డబ్బాలో నీళ్లు పోసి, నడుము వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తుడు. లీటరు నీళ్లు ఒక కిలో. రెండు లీటర్లతో మొదలుపెట్టి, రెండు వారాలకో లీటరు పెంచుకోవచ్చు. చూడండ్రి, ఆ హైడ్రాలిక్ మిషన్ చేయలేని పని నూనె డబ్బా చేస్తది, అంకె చెప్తది. ఒక్కో చోట 40 సెకన్లు, మారడానికి 20 సెకన్లు. ఎనిమిది చోట్లకు ఎనిమిది నిమిషాలు. మూడు చుట్లు తిరిగితే 24 నిమిషాలు, ముందు అయిదు నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకునుడు. ఫోన్లో టైమర్ చాలు.

జాగ్రత్తలు కూడా ఉన్నయి. ముప్పై దాటిన అందరూ మొదలు పీహెచ్‌సీలోనో, ఏఎన్ఎం దగ్గరనో బీపీ, షుగర్ చూపించుకుని రావాలె. గుండె జబ్బు ఉన్నోళ్లు, ఈ మధ్య ఆపరేషన్ అయినోళ్లు, గర్భసంచి కిందికి జారినోళ్లు, కడుపుతోని ఉన్నోళ్లు డాక్టర్ సరే అంటేనే. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, ఎత్తేటప్పుడు వదలాలె. షుగర్ గోలీలు, ఇన్సులిన్ వాడేటోళ్లు ఖాళీ కడుపుతో రావొద్దు, కొంగులో రెండు చక్కెర బిళ్లలు ఉంచుకోవాలె. ఛాతీ పట్టినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపాలె, "ఇంకొక్క చుట్టు" అని పక్కనోళ్లు బలవంతం చేయొద్దు. కండ నొప్పి రెండు రోజుల్లో పోతది. కీలులో పొడిచినట్టు వచ్చే నొప్పి వేరు, అది వస్తే ఆ చోటు విడిచిపెట్టి పక్క చోటుకు పోవాలె.

జపాన్‌లో పేరు పెట్టి పిలుస్తరని చెప్పిన గదా. ఆ పని మనకు ఎవరూ నేర్పే అవసరం లేదు. పంచసూత్రాల్లో మొదటిదే సమావేశాలు క్రమంగా జరుపుకునుడు. ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో మన హాజరు పుస్తకంలో ఇన్నేండ్ల నుంచి రాస్తున్నం. పొదుపు కట్టకపోతే ఇంటికి పోయి అడిగేటోళ్లం, రెండు రోజులు హాలుకు రాకపోతే అడగలేమా? మా 12 వేల జిమ్‌లో నేను 19 రోజుల తర్వాత రాలేదని ఒక్కరు కూడా ఫోన్ చేయలే.

కాబట్టి మేం ముగ్గురం మహాసభ ముందు పెట్టేది ఇది. మూడు నెలలు, వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం అయిదున్నరకు. ఫీజు లేదు. రోజుకు ఎంతమంది వచ్చిండ్రో పుస్తకంలో రాద్దాం. డబ్బాలో ఎన్ని లీటర్లు ఎత్తిండ్రో కూడా పక్కన రాద్దాం. మూడు నెలల తర్వాత సగటున రోజుకు ఇరవై మంది ఉంటే, లోన్ మాట మళ్ల తెద్దాం. అప్పుడు నేనే ముందుండి అడుగుత. అయితే అప్పుడు కొనేది హైడ్రాలిక్ మిషన్లు కాదు, డంబెల్లు, రెండు బార్లు, ఒక బెంచీ. మన పిల్లల్లో ఒకరిద్దరిని ట్రైనర్ కోర్సుకు పంపుదాం, జీతం బయటివాళ్లకు పోకుండా. ఇరవై మంది లేకపోతే, నూనె డబ్బాలు మళ్ల వంటింట్లకు పోతయి, ఎవరి మీదా అప్పు ఉండదు.

ఒప్పుకోని ఆ చెల్లె కూడా ఇక్కడే ఉన్నది, నా తర్వాత మాట్లాడుతది, వినండ్రి. ఆమె నన్ను ఒకటి అడిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు. "మీటింగ్ అంటే ఇంట్లో పంపుతరు, ఎందుకంటే లోన్ వస్తది. వ్యాయామం అంటే పంపుతరా?" అన్నది. మా ఇంట్లో నన్ను పంపింది కూడా షుగర్ రిపోర్టు చూసినంకనే. మిగిలిన ఇండ్లలో ఏమంటరో సోమవారం తెలుస్తది. హాలు తాళం నా దగ్గర ఉంటది. అయిదున్నరకు తీస్త. అయిదు లీటర్ల డబ్బా ఇంట్లో ఎవరికి ఉంటే వాళ్లు తెచ్చుకోండ్రి, మూత గట్టిగా ఉన్నది చూసి.